శుకపోషణము – భూతయజ్ఞము



సనాతన వాఙ్మయంలో శుకపక్షికి ఒక విశిష్ట స్థానమున్నది. పరీక్షిన్మహారాజుకు ఏడు దినములలో భాగవతమును వినిపించిన మహర్షి నామధేయమే శుకుడు. మధుర మీనాక్షీదేవి హస్తమందును, శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి హస్తమందును చిలుకయే శోభిల్లుచున్నది. మన్మథునికి వాహనమూ అదియే. జ్ఞానమునకు, భక్తికి, కామమునకు కూడ ఒకే పక్షి సంకేతమగుట విచిత్రము. అయితే సంకేతమును ఎరుగుట వేరు, ప్రాణిని ఎరుగుట వేరు. నిజమైన ఒక పక్షి ఆకలితోను భయముతోను ఇంటికి వచ్చినపుడు దానికి ఏమి పెట్టవలెనో, ఎట్లు పెట్టవలెనో తెలియుటకు శాస్త్రజ్ఞానంతోబాటు ఓర్పు కూడ కావలసివచ్చును.

రాజమహేంద్రవరంలో విశ్రాంత సంస్కృతోపాధ్యాయులైన ఒక గృహస్థుకు ఈ సందర్భము తటస్థించినది. ఉద్యోగరీత్యా విదేశమునకు తరలిపోవుచున్న బంధువులు, తమ ఇంటనే పొదగబడి పెరిగిన పది వారాల కాకటీల్ పిల్లను ఆయన మనుమరాలికి అప్పగించిరి. బూడిదవన్నె దేహము, పసుపుపచ్చని శిఖ, చెక్కిళ్ళపై నారింజరంగు చుక్కలు గల ఈ పక్షి చిలుకల వర్గమునకు చెందినది. దీని జన్మస్థానము ఆస్ట్రేలియా ఖండము.

పంజరము గుమ్మము దాటగానే ఇల్లాలు అడ్డుపడినది. "ఏమండీ, రామదాసుగారి కథ మరచిపోయారా? పూర్వజన్మలో చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టినందుకే కదా, ఆయన గోలకొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గారంటారు. ఈ వయసులో ఆ పాపం మనకెందుకు?"

కంచర్ల గోపన్నను గూర్చిన ఆ జనశ్రుతి తెలుగునాట వినని వారుండరు. ఆమె ప్రశ్న అర్థరహితమైనది కాదు. మన తోటలలో తిరుగు రామచిలుకను పట్టి బంధించుట ధర్మవిరుద్ధమే గాక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ. కాని ఈ పక్షి విషయము వేరు. తరతరాలుగా మనుష్యుల యిండ్లలో పుట్టి పెరిగిన జాతి ఇది. ఆకాశంలోనికి విడిచినచో మేత వెదకుకొనుట ఎరుగదు. కాకికో గద్దకో ఆహారమగును. దానిని విడిచిపెట్టుట మోక్షదానము కాదు, బాధ్యతాత్యాగము మాత్రమే. ఆ గృహస్థు ఈ మాటలే భార్యకు చెప్పి, చివరకు ఇట్లనెను: "దీన్ని మనం పట్టి తేలేదు. మన గడపలోకి వచ్చింది. గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. ఇన్నాళ్ళూ గోడమీద మెతుకులు పెట్టి అది ముగిసిందనుకున్నాం. ఇక ముందు తూచి చూసుకుంటూ చేయాలి."

తూచుట అను మాట అక్షరాల నిజమైనది. పక్షివైద్యము తెలిసిన పశువైద్యుడు మొదటి దినముననే ఒక చిన్న తూకపు యంత్రమును కొనిపించెను. ఆ ఉదయము పిల్ల బరువు 84 గ్రాములు. "రోజూ ఒకే వేళకు, మేతకు ముందు తూచండి. 76 దాకా దిగితే ఆలస్యం చేయకండి. ఇంత చిన్న పక్షి ఒక్క దినం పూర్తిగా తినకపోయినా ప్రమాదమే" అని హెచ్చరించెను.

గృహస్థు సంకల్పము పంజరమును పూజామందిరము చెంత ఉంచవలెనని. ప్రాతఃకాలమున నామసంకీర్తనము దాని చెవిన పడును, కొన్నాళ్ళకు 'రామా' అని పలుకును అని ఆయన ఆశ. వైద్యుడు దానిని వారించెను. పక్షుల శ్వాసకోశములు అతి సుకుమారములు. అగరుధూమము, సాంబ్రాణి, కర్పూరము, పోపు ఘాటు వాటికి హానికరములు. అంటుకొనని పూత పూసిన పెనము అతిగా కాలినపుడు వెలువడు వాయువు ప్రాణమునే హరించును. కనుక పంజరము పూజగదికి, వంటింటికి దూరముగా, ముందుగదిలో ఒక గోడకు ఆనించి, మనిషి కన్నుల ఎత్తున అమర్చబడినది. వెనుక గోడ ఉన్న పక్షికి ఒక దిక్కునుండి భయము తగ్గును. పైనున్న పంకా ఆపివేయబడినది. రాత్రి పది పన్నెండు గంటల నిద్రకై పంజరముపై సగము వరకు పలుచని పంచె కప్పి, సమీపమున ఒక చిన్న దీపము ఉంచిరి. ఈ జాతి పక్షులు చీకటిలో ఉలికిపడి రెక్కలు కొట్టుకొని గాయపడుట కద్దు.

పూజామందిరమునకు దగ్గర చేయుట భక్తి అనుకొన్న ఆయనకు, దూరముగా ఉంచుటయే ఆ ప్రాణి యెడల భక్తి అయినది.

మొదటి దినము పిల్ల ఒక మూలకు ఒదిగి, శిఖను తలకు అంటించుకొని, ఎవరు దగ్గరకు వచ్చినా బుసకొట్టినది. గిన్నెలోని గింజలు మాత్రము నిండుగానే కనిపించుచుండెను. రెండవ ఉదయము 81 గ్రాములు. మూడవ ఉదయము 78. గిన్నె అప్పటికీ నిండుగానే ఉన్నది. మనుమరాలు గిన్నెను చేతిలోకి తీసుకొని మెల్లగా ఊదినది. పైనున్నదంతా పొట్టు. అది గాలికి ఎగిరిపోగా అడుగున నాలుగు గింజలు మిగిలినవి. "తాతయ్యా, ఇది మొదటిరోజు కాసిని తిని, పొట్టు ఇందులోనే వదిలేసింది. ఆ తరువాత తినడానికి పైన ఏమీ కనబడలేదు" అన్నది.

చిలుక జాతి పక్షులు గింజను ముక్కుతో ఒలిచి, పప్పును మాత్రము మ్రింగి, పొట్టును గిన్నెలోనే విడిచివేయును. చూచువారికి పాత్ర నిండియే ఉండును; పక్షి పస్తుండును. పంజరము అడుగున రెట్టలు తగ్గి, చిన్నవై, నల్లబడిన పచ్చదనము చూపుటయు ఆకలికి గుర్తేనని వైద్యుడు తెలిపెను. నిత్యము ఎన్నో గ్రంథములు నిండుగా ఉన్న ఇంటిలో, సారమెంత ఉన్నదో ఊదిచూచువారు అరుదు. ఆ దినమునుండి పూటపూటకు గిన్నెను ఊది, క్రొత్త గింజలు వేయుట ఆ ఇంటి నియమమైనది.

అంతటితో సమస్య తీరలేదు. ఆ పిల్ల పుట్టింట తల్లిదండ్రుల ప్రక్కన తినుటకు అలవాటుపడినది. గుంపుగా జీవించు పక్షి ఒంటరిగా తినుటకు జంకును. తోడివారు నిశ్చింతగా తినుచుండగా చూచినపుడే, ఇచట ఆపద లేదని దానికి నమ్మకము కుదురును. కనుక గృహస్థు తన భోజనపు పీటను పంజరమునకు రెండు బారల దూరమున వేసికొనెను. దానివైపు సూటిగా చూడక, చేయి చాపక, మెల్లగా తినుచు, మెల్లగా ఏదో ఒకటి చదువుచుండెను. పంజరములో మాత్రము బంధువులిచ్చిన పాత గింజలే, పాత గిన్నెలోనే ఉంచబడినవి. స్థలము మారిన వేళ ఆహారమును కూడ మార్చుట తగదు. వాటితోబాటు ఒక కొర్రకంకిని ఊచలకు కట్టిరి. మన మెట్టపొలములలో పండు ఆ కొర్రకంకి అనగా ఈ పక్షులకు అత్యంత ప్రీతి.

ముండకోపనిషత్తు ఒకే వృక్షముపై వ్రాలిన రెండు పక్షులను వర్ణించినది. ఒకటి ఫలమును భుజించును, రెండవది భుజింపక చూచుచుండును. భోక్త జీవుడు, ద్రష్ట సాక్షి. ఆ ఇంటిలో మూడు దినములు భుజించువాడు మనిషి, చూచునది పక్షి. నాలుగవ దినము మధ్యాహ్నము కొర్రకంకి కదలిన చప్పుడైనది. గృహస్థు తల ఎత్తలేదు. విస్తరిలో చేయి అట్లే నిలిచిపోయినది. 'తిన్నది' అను ఆనందముతో లేచి దగ్గరకు పోవు కోరికను ఆయన అణచుకొనెను. చూచినచో అది ఆగిపోవును. నలుబది ఏండ్లు ఆ మంత్రమునకు భాష్యము చెప్పిన ఆయనకు, జోక్యము చేసికొనక చూచుట ఎంత కష్టమో అప్పుడు అర్థమైనది. మరునాటి ఉదయము తూకము 80. వారము తిరుగునప్పటికి 85.

ఆకలి తీరిన పిదపనే ఆహారశుద్ధిని గూర్చి ఆలోచన. కేవలము గింజలపై, అందును పొద్దుతిరుగుడు గింజలపై పెరుగు పక్షికి క్రొవ్వు హెచ్చి, ఏ విటమినును, సున్నమును కొరవడును. అందుచేత పక్షులకై తయారగు పెల్లెట్లను గింజలలో కొలదికొలదిగా కలుపుచు, వారములు గడచునప్పటికి వాటి పాలు పెంచిరి. ఉదయమున ఆకలి ఎక్కువగా ఉన్న వేళ తోటకూర, మునగాకు, తురిమిన క్యారెట్టు, ఉడికించిన చిలగడదుంప, మొలకెత్తిన పెసలు కొద్దిగా పెట్టిరి. మునగరెమ్మను తడిపి పైనుండి వ్రేలాడగట్టినపుడు మొదట అది ఆటవస్తువైనది, పది దినముల తరువాత ఆహారమైనది. తినకున్న వాటిని రెండు మూడు గంటలలో తీసివేసి, మరునాడు మరల పెట్టిరి. నిరాకరణమును తిరస్కారముగా ఎంచలేదు. సున్నము కొరకు ఆయుర్వేదము సముద్రఫేనమని పేర్కొన్న తెల్లని ఎముకను ఊచలకు తగిలించిరి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, టీ, చాక్లెట్టు, అవకాడో దరిచేరనీయలేదు. ప్రసాదమైనను సరే, చక్రపొంగలి దానికి పెట్టలేదు.

తైత్తిరీయోపనిషత్తులో వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి మొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. ఆనందము వరకు సాగిన ఆ విచారణలో అన్నము తొలిమెట్టు. దానిని దాటి రామనామమును నేర్పబోయిన గృహస్థు, తిరిగి ఆ తొలిమెట్టు కడకే వచ్చి నిలిచెను.

నెల గడచిన పిదప పక్షి తనంత తానే తెరచిన తలుపు దాటి ఆయన మణికట్టుపై వ్రాలినది. సాయంత్రము నిద్రకు ముందు ఒంటికాలిపై నిలిచి, ముక్కును కరకరమని నూరుట మొదలిడినది. అది ఆ జాతికి నిశ్చింతా లక్షణము. 'రామా' అని మాత్రము పలుకలేదు. మనుమరాలి ఈలను అనుకరించి ఈల వేయుచున్నది, అంతే.

వేదాంతులు చెప్పు నళికాశుక న్యాయమొకటి కలదు. వేటగాడు కట్టిన గొట్టముపై చిలుక వ్రాలగా గొట్టము తిరిగి, చిలుక తలక్రిందులగును. పడిపోదునన్న భయముతో గొట్టమును గట్టిగా పట్టుకొని, తననే గొట్టము పట్టినదని భ్రమించును. రెక్కలున్న సంగతి మరచును. 'నా పక్షి పలుకవలెను' అన్న ఆశ కూడ అట్టి గొట్టమే. దానిని పట్టుకొన్నది గృహస్థే గాని, అది ఆయనను పట్టుకొనలేదు. విడుచుట ఆయన చేతిలోనే ఉన్నది, ఆయన విడిచెను.

ఒక సాయంత్రము ఇల్లాలు స్వయముగా గిన్నెను ఊది, కొత్త గింజలు పోయుచు అన్నది: "రామదాసుగారి చిలుకకు తలుపు తెరిచినవాళ్ళు లేరు. దీనికి మనం రోజూ తెరుస్తున్నాం. అయినా సాయంత్రానికి అదే లోపలికి వస్తోంది. ఇక పాపమో పుణ్యమో ఆ రాముడే చూసుకుంటాడు."

క్రొత్తగా ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకొను సాధకులు గ్రహింపదగినది ఇదియే. కనిపించు నిండుదనమును నమ్మక, ఊది, తూచి చూడవలెను. మన ఇష్టమునకు ముందు దాని భయమును గుర్తింపవలెను. అది భుజించు వేళ సాక్షిగా నిలువవలెను. ఇట్లు జరిగిన పోషణమే భూతయజ్ఞము. దాని ఫలము యజమాని అన్న అహంకారము కరుగుట.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.