అప్పుతో కొన్న అద్దెయిల్లు

గుంటూరులో పెద్దలిచ్చిన మేడ పైభాగమును అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో మేము పిల్లల చదువులు జరుపుకొనుచుంటిమి. అంతటితో తృప్తినొందక 2021వ సంవత్సరము మార్చిలో హైదరాబాదున నలువది లక్షలకొక ఫ్లాటు కొంటిమి. పది లక్షలు మావి. అందు నాలుగు లక్షలు నగలు కుదువబెట్టి తెచ్చినవి. తక్కిన ముప్పది లక్షలు బ్యాంకువారివి.

మధ్యవర్తి చెప్పిన లెక్క వినసొంపుగనే యుండెను. ఇంటివెల పదియవ వంతు పెరిగినచో నాలుగు లక్షలు లాభము. మేము పెట్టిన పది లక్షలపై అది నూటికి నలువది! ఆ పెరుగుదలను చూపి మరియొక అప్పు, దానితో మరియొక యిల్లు. వెల నాలుగవ వంతు తగ్గినచో మా సొమ్మంతయు హరించునని మాత్రమాయన చెప్పలేదు. మేమును అడుగలేదు.

అద్దె పండ్రెండు వేలు. నెలసరి వాయిదా 23,259 రూపాయలు, ఇరువదియేండ్ల గడువు. మిగిలిన పదునొకండు వేలకు గుంటూరి అద్దెయే ఆధారము. నడుమ మూడు నెలలు ఫ్లాటు ఖాళీగానుండెను; వాయిదాకు ఖాళీ యెక్కడిది?

సోదరీమణులారా, అప్పు తెచ్చిననాడు వడ్డీ నూటికి ఏడు. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకువారు రెపో రేటును 4 నుండి 6.5కు పెంచిరి. మా అప్పు దానితో ముడిపడియుండుటచే వడ్డీ తొమ్మిదిన్నర అయినది. వాయిదా మారలేదు గనుక మేము గమనింపనే లేదు. ఒకనాడు పద్దు విప్పి చూడగా, కట్టిన సొమ్ములో అసలుకు జమయైనది నెలకు ఐదు వందలైనను లేదు! అట్లే సాగినచో అప్పు తీరుటకు నలువదియేండ్లకు పైగా పట్టును. ఆ రాత్రి మా యింట నెవరికిని అన్నము సహింపలేదు.

వడ్డీ మారినపుడు వాయిదా పెంచుకొనుటయో, గడువు పొడిగించుకొనుటయో ఋణస్థులే కోరుకొను వీలుండవలెనని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించినది. మేము వాయిదానే యించుమించు ఇరువదియెనిమిది వేలకు పెంచుకొంటిమి. పనిమనిషిని మానిపించితిమి, పండుగ చీరలు మానితిమి.

మొన్న ఆ మధ్యవర్తియే మరల వచ్చెను. ఫ్లాటు వెల ఏబది లక్షలైనదట. దానిపై అదనపు అప్పు తెచ్చి మూడవ యిల్లు కొనవచ్చునట. దరఖాస్తుపై దంపతులిరువురి సంతకములు కావలెను. ఒక సంతకమైనది, రెండవది కాలేదు. ఆ కాగితము బీరువాలోనే యున్నది. కుదువ నగలలో గాజులు మాత్రము విడిపించుకొంటిమి. హారమింకను రావలసియున్నది.