తాళం తిప్పే ముందు

వేసవి సెలవులకు సొంతూరు వెళ్లొచ్చిన తల్లిదండ్రులకు ఒక ప్రశ్న. అక్కడ ఇంటి పక్క షెడ్డులో ఏళ్లుగా కదలని పాత కారు ఏదైనా ఉందా? ఉంటే ఈ మాట కూడా మీరు వినే ఉంటారు: "కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే అదే స్టార్టవుతుంది." చాలాసార్లు స్టార్టవుతుంది కూడా. అయితే ఆ మొదటి కొన్ని సెకన్లలో ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, మీ చెయ్యి తాళం దగ్గరే ఆగుతుంది.

మా మామయ్యగారిది తాడేపల్లిగూడెం. ఆయన 1998లో కొన్న మారుతి 800, 2020లో అత్తయ్యగారు పోయిన దగ్గర్నుంచి షెడ్డులోనే ఉంది. ఆయన దాన్ని అమ్మలేదు, బయటకూ తీయలేదు. ఈ వేసవిలో తనంతట తానే అడిగారు: "వచ్చే ఏడు పదో తరగతి అయిపోతే వీడు హాస్టల్‌కి వెళ్లిపోతాడు కదమ్మా, ఈలోగా ఒకసారి బండి తీద్దామా?"

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంజిన్ పట్టేస్తే దాన్ని దించి బాగుచేయించే ఖర్చు బండి విలువను మించిపోవచ్చు. అలా జరిగితే ఆయన ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తరని మాకు తెలుసు. అందుకే తొందరపడకూడదని అందరం అనుకున్నాం.

మా అబ్బాయి మాత్రం, "ఆయిల్ ఇంజిన్‌లోనే ఉంది కదా, ఇంక భయం దేనికి?" అన్నాడు. మీ పిల్లలూ అడిగే ప్రశ్నే ఇది. దానికి వాళ్ల తాతయ్య ఇచ్చిన జవాబు బాగుంది. "చేతిపంపు నాలుగు నెలలు వాడకపోతే ఏం చేస్తాంరా? కింద నీళ్లున్నా పైన చెంబెడు పోసి కొడతాం. అప్పుడే నీళ్లు అందుకుంటుంది."

ఇంజిన్‌లోనూ అంతే. కారు నడుస్తున్నంతసేపూ పంపు ఆయిల్‌ను కింది సంపు నుంచి పైకి తోడి, క్రాంక్ షాఫ్ట్ బేరింగులకూ పైనున్న క్యామ్ షాఫ్ట్‌కూ అందిస్తుంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య పల్చటి ఆయిల్ పొర ఉండబట్టే అవి అరగకుండా తిరుగుతాయి. ఏళ్ల తరబడి కదలకపోతే ఆ ఆయిల్ కిందికి జారిపోతుంది, సిలిండర్ గోడలు పొడిబారతాయి, పంపులో గాలి చేరవచ్చు. అప్పుడు ఒక్కసారిగా స్టార్ట్ చేస్తే, ఆయిల్ పైకి అందేలోపే ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరగడం మొదలుపెడుతుంది. కొన్ని సెకన్లే అయినా గీతలు పడటానికి అవి చాలు.

మా ఊరి మెకానిక్ రెండు రోజులు దగ్గరుండి చేయించిన పని ఇది. ముందుగా ట్యాంకులోని పాత పెట్రోలు, కార్బ్యురేటర్‌లో మిగిలినదీ తీసేశాం. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూశాం. పాతబడిన టైమింగ్ బెల్టు మార్చాం. పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టర్ పెట్టి, డిప్ స్టిక్ గుర్తు దాకా కొత్త ఆయిల్ పోశాం.

ఆ తర్వాత మూడు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేశాం. తెల్లారాక గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ తగిలించి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పాం. తాళం నా దగ్గరే పెట్టుకుని అబ్బాయి చేత కూడా తిప్పించాను. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకూడదు, ఆగి కారణం వెతకాలి. మాది సాఫీగా తిరిగింది.

ఇక అసలు ఘట్టం. ప్లగ్గులు ఇంకా బయటే ఉన్నాయి. వాటి రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ తీసేశాం. అంటే ఇంజిన్ తిరుగుతుంది కానీ స్టార్టవదు. పది సెకన్లు సెల్ఫ్ కొట్టడం, ఒక నిమిషం ఆగడం. మూడోసారికి డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఆరిపోయింది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పైభాగం కూడా తడిగా మెరుస్తోంది. అప్పుడు ప్లగ్గులు బిగించి, కాయిల్ కలిపి, కొత్త పెట్రోలు పోసి, తాళం మామయ్యగారికి ఇచ్చాం. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లోనే కాసేపు ఉంచారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. పక్క సీటు మీది దుమ్ము మాత్రం తన తువ్వాలుతో తుడిచారు.

ఒక సూచన. ఇప్పటి ఇంజెక్షన్ కార్లకు పద్ధతి కొంత వేరు, పెట్రోలు పంపును కూడా ఆపాలి. మాన్యువల్ చూసి, తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. స్టార్టయినంత మాత్రాన రోడ్డెక్కించకండి. బ్రేకులు, టైర్లు చూపించాలి. సొంత కార్ల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. మా బండి కాగితాలు ఇప్పుడు ఆర్‌టీఓ ఆఫీసులో ఉన్నాయి.

తిరిగొచ్చాక మా ఇంట్లో ఒక చిన్న మార్పు జరిగింది. ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు సాయంత్రమే నేను టైమ్‌టేబుల్ గోడకు అంటించేదాన్ని. ఈసారి మావాడే అన్నాడు, "అమ్మా, ఒక్క వారం ఆయిల్ ఎక్కనీ!" నవ్వొచ్చింది కానీ ఒప్పుకున్నాను. ఆ వారం రాత్రి తొమ్మిదిన్నరకే పడక, రోజూ తొమ్మిదో తరగతి లెక్కల్లోంచి నాలుగు, ఒక పేజీ చదువు. అంతే. రెండో వారం నుంచి అసలు టైమ్‌టేబుల్.

రెండు నెలల సెలవుల తర్వాత మీ ఇంట్లోనూ పుస్తకాలు తెరుచుకునే రోజులివి. మొదటి వారం కాస్త నెమ్మదిగా పోనివ్వండి. ఏడాది పొడుగునా నడవాల్సిన బండి కదా!