అమ్మ పుష్కర స్నానం

అమ్మ గోదావరి పుష్కరాలకు వెళ్లి నిద్రపోయి వచ్చింది. అందుకు ఆమె మీద అరిచాను.

2015 జులై. హైదరాబాద్‌లో సెలవు పెట్టి తణుకు వచ్చాను. "తమ్ముణ్ణి నేను చూసుకుంటా, నువ్వు కొవ్వూరు పిన్ని దగ్గరికెళ్లి రెండ్రోజులుండు" అన్నాను. వాడికప్పుడు 26 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ. అమ్మ ఒక్క రాత్రి వాణ్ణి వదిలి ఎక్కడైనా పడుకుందేమో, నాకైతే గుర్తులేదు. గుమ్మం దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కొచ్చింది. అన్నం మెత్తగా పిసికి పెట్టు, మూర్ఛ మాత్ర మరిచిపోకు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. "చెప్పావుగా, వెళ్లమ్మా" అని విసుక్కున్నాను.

14న పొద్దున్నే టీవీలో రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాట. అమ్మ ఇవతలి ఒడ్డున కొవ్వూరులో ఉందని తెలిసీ కాళ్లు వణికాయి. పిన్ని ఫోను ఎప్పటికి కలిసిందో చెప్పలేను. ఆ గాభరాలో వాణ్ణి తిప్పడం మాత్రం మరిచిపోయాను. చూసేసరికి నడుము దగ్గర ఎర్రగా కమిలింది. వాడు ఏడవలేదు, నా మొహంలోకి చూశాడు. పౌడరు, డెట్టాలు, తడిసిన దుప్పటి కలిసిన ఆ గది వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

మూడోనాడు అమ్మ వచ్చింది. మొహం తేటగా ఉంది.

"స్నానం చేశావా?"

"జనానికి భయమేసి రేవుకెళ్లలేదే. పిన్ని బిందెతో తెస్తే ఇంట్లోనే పోసుకున్నా. మిగతాదంతా పడుకున్నా."

"నేనిక్కడ చస్తుంటే నువ్వక్కడ పడుకున్నావా?"

అమ్మ మాట్లాడలేదు. కొంగు దోపుకుని లోపలికెళ్లి తమ్ముడి కింద పక్క తడిమింది.

తమ్ముడిలాంటి వాళ్ల కోసం 1999లోనే నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చిందనీ, ఇంట్లోవాళ్లకు కొన్నాళ్లు తెరిపినివ్వడానికి 'సమర్థ్' అనే పథకం ఉందనీ చాలా ఆలస్యంగా చదివాను. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన తెరిపి పిన్ని ఇల్లొక్కటే. ఇప్పుడు నెలకి రెండ్రోజులు నేనే తణుకు వెళ్తున్నాను. అమ్మ మేడ మీద పడుకుంటుంది. నేను లేపను.

2027లో మళ్లీ పుష్కరాలు. ఆ మాటల్లో పిన్ని మొన్న అంది: "అప్పుడు మీ అమ్మ రెండు రోజులూ ఒళ్లు తెలియకుండా పడుకుందే. మధ్యమధ్యలో మాత్రం నిద్రలోనే చెయ్యి చాపి నా పక్క తడిమేది, తడిసిందేమోనని."