చెట్టు కొట్టే ముందు, ఉడుతకు మందు పెట్టే ముందు



పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది నాతో ఇంటి ముచ్చట్లు కూడా మాట్లాడుతుంటారు. సైన్స్ టీచర్‌ని కాబట్టి చెట్ల గురించి, పురుగుల గురించి అడుగుతారు. ఈ మధ్య రెండు ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. "మేడం, ఇంటి ముందున్న చెట్టు వేర్లు పైపులల్లకు పోతున్నయి, కొట్టేయాల్నా?" అని ఒకటి. "ఉడుతలు ఒక్క జామకాయను మిగలనిస్తలేవు, ఏం మందు పెట్టాలె?" అని ఇంకొకటి. చందుర్తిలోని మా ఇంట్లోనూ పోయిన ఏడాది ఇవే ప్రశ్నలు వచ్చాయి. మేము ఏం చేశామో, ఎందుకు చేశామో మీతో పంచుకుంటే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మా ప్రహరీ లోపల మూడు చెట్లు ఉండేవి. గేటు పక్కన కోనోకార్పస్, పెరట్లో వేప, బోరు దగ్గర జామ. బాత్రూం నీళ్లు పోయే పైపు రెండుసార్లు జామ్ అయింది. ప్లంబర్ పైపు విప్పితే లోపల జడలాగా అల్లుకున్న వేర్లు వచ్చాయి. వేప కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయి. ఉడుతలు బోరు మోటారు వైరు కొరికేశాయి, అటక మీది పాత పరుపులోంచి దూది పీకి గూడు కట్టుకున్నాయి. మా బాపుకు విసుగు వచ్చింది. కోత మిషన్ మనిషిని పిలిచి మూడు చెట్లూ ఒక్కరోజే కొట్టించాలని, దుకాణం నుంచి ఎలుకల మందు తెచ్చి అటక మీద పెట్టాలని అన్నారు.

ఆ రోజుల్లో మా అక్క మూడేళ్ల కొడుకుతో ఇంట్లోనే ఉంది. వాడి చేతికి ఏది దొరికినా నోట్లోకే పోతుంది. అందుకని మందు మాట వినగానే నాకు గుబులు పుట్టింది. "బాపూ, అన్నిటికీ ఒకటే మందు వద్దు. ఒక్కొక్కటి చూద్దాం" అన్నాను. ఆయన సరేనన్నారు.

ముందు కోనోకార్పస్. ఇది మన నేల చెట్టు కాదు. ఇక్కడ ఎక్కువగా నాటిన రకం సొంత ఊరు సోమాలియా, యెమెన్ తీరాలు. తక్కువ నీళ్లతో బతుకుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, తొందరగా పెరుగుతుంది. అందుకే రోడ్ల మధ్యన, కాలనీల్లో, ఇళ్ల ముందర విపరీతంగా నాటారు. మా క్లాసులో ఒక అబ్బాయి వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో ఈ చెట్టు గురించి అడిగితే "ఇక్కడ ఏ రోడ్డు చూసినా ఇదే కదరా" అన్నారట. నిజమే, గల్ఫ్ దేశాల్లో దీన్ని ఎంతగా నాటారో, వేర్లు నీటి పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి దూరుతున్నాయని అంతగానూ ఇబ్బంది పడ్డారు. ఇక మొక్కల్లో దీన్ని పెంచవద్దని మన తెలంగాణలో 2022లోనే నర్సరీలకు చెప్పారు. గుజరాత్ 2023లో నిషేధించింది.

వాట్సాప్‌లో మాత్రం "ఈ చెట్టు ఆక్సిజన్ ఇవ్వదు, విషవాయువు వదులుతుంది" అని తిరుగుతోంది. అది తప్పు. ఆకుపచ్చని ఆకున్న ఏ చెట్టయినా పగటిపూట ఆక్సిజన్ ఇస్తుంది. దీని పుప్పొడితో జలుబు, ఆయాసం పెరుగుతాయన్న ఫిర్యాదులున్నాయి, అవి ఎంతవరకు నిజమో శాస్త్రవేత్తల్లోనే వాదన ఉంది. మా ఇంట్లో అంత దూరం పోవాల్సిన పని రాలేదు. పైపులోంచి వచ్చిన వేర్లు కళ్ల ముందే ఉన్నాయి. ఈ ఒక్క చెట్టు తీయాల్సిందేనని అందరం అనుకున్నాం.

చెట్టు కొట్టాలంటే మన ఇంట్లోదైనా ముందు అడగాలి. 2002 నాటి వాల్టా చట్టం నీటికి, భూమికి మాత్రమే కాదు, చెట్లకూ వర్తిస్తుంది. పంచాయతీలో అడిగితే ఏ చెట్టుకు ఎవరి అనుమతి కావాలో చెబుతారు. మేమూ అలాగే అడిగి, కాగితం చేతికొచ్చాకే పని మొదలుపెట్టాం. మొదలు వరకే కొడితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి మొద్దును కూడా తవ్వి తీయించాం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి ఊరికీ నర్సరీ ఉండాలి. ఆ నర్సరీ నుంచే ఒక కానుగ, ఒక కరివేపాకు తెచ్చుకున్నాం. కానుగను పైపులకు దూరంగా ప్రహరీ మూలకు నాటాం.

రెండోది వేప. "కొమ్మలు తీగలకు తగిలితే కొమ్మలు కొట్టాలె గని, చెట్టును ఎందుకు కొడ్తవ్ రా?" అని మా బాపమ్మ బాపును నిలదీసింది. 1970 నుంచి మన సిరిసిల్ల ప్రాంతానికి కరెంటు ఇస్తున్న సెస్ వాళ్లకు చెబితే సప్లయ్ ఆపి, తీగల వైపు కొమ్మలు తీశారు. కరెంటు తీగల దగ్గర మనం సొంతంగా కత్తి, కర్ర పట్టుకొని ఎక్కకూడదు. పచ్చి కొమ్మలోంచి కూడా షాక్ కొడుతుంది.

వేప విషయంలో ఇంకొక సంగతి గుర్తుచేస్తాను. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివరల నుంచి ఎండిపోతూ వచ్చాయి. అది ఒక శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. టీ దోమ అనే పురుగు కూడా తోడైంది. చెట్టు చచ్చిపోయిందనుకొని కొందరు కొట్టేశారు. ఓపిక పట్టినవాళ్ల ఇళ్ల ముందు చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఎండిన కొమ్మలు తీసేసి, వానలు పడేదాకా ఆగడమే అక్కడ కావాల్సిన వైద్యం. మా వేపకూ అప్పుడు అదే చేశాం. ఇప్పుడు మా పెరట్లో నీడ దానిదే.

ఇక ఉడుతలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది మూడు చారల ఉడుత. దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోకపోతే అది తినలేదు. మోటారు వైరు దానికి తిండి కాదు, పళ్లు రాసుకునే చోటు మాత్రమే. ఈ ఒక్క సంగతి తెలిస్తే పరిష్కారం కూడా తెలుస్తుంది. వైరును ఇనుప పైపులోంచి తీసుకెళ్లాం. ఇంటి కప్పుకు తగిలే జామ కొమ్మలను ఆరడుగుల దూరం వరకు కత్తిరించాం. పల్లీలు, బియ్యం మూత ఉన్న డబ్బాల్లోకి మార్చాం. చేతికందే జామకాయలకు పిందెలప్పుడే గుడ్డ సంచులు కట్టాం. పై కొమ్మల కాయలు ఉడుతలకు వదిలేశాం. "రాములవారు వీపు నిమిరిన జీవి, నాలుగు కాయలు తింటే తిననీయి" అంది బాపమ్మ. రాముడికి సాయపడిన ఉడుత కథను రంగనాథ రామాయణంలో గోన బుద్ధారెడ్డి తెలుగువాళ్లకు చెప్పారు. ఉడుతాభక్తి అనే మాట ఇప్పటికీ మన నోట్లో ఉంది.

అటక మీది గూడు దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. అందులో పిల్లలున్నాయి. ఉడుత ఒక కాన్పులో రెండు మూడు పిల్లల్ని పెడుతుంది. అవి పాలు మానడానికి సుమారు 10 వారాలు పడుతుంది. ఆ లోపల కన్నం మూసేస్తే తల్లి బయట, పిల్లలు లోపల. పిల్లలు చచ్చి ఇల్లంతా కంపు కొడుతుంది, తల్లి లోపలికి రావడానికి ఇంకో చోట కొరుకుతుంది. అందుకని అవి పెద్దయి బయట తిరిగేదాకా ఆగాం. ఉడుతలు రాత్రి గూట్లో ఉంటాయి, పగలు తిండికి పోతాయి. లోపల ఏవీ లేవని చూసుకొని మధ్యాహ్నం పూట సన్న కన్నాల ఇనుప జాలీ కొట్టించాం. మళ్లీ రాలేదు. ఇప్పుడు వేప మీద కాపురం.

మందు గురించి స్పష్టంగా చెప్పాలి. ఎలుకల కోసం అమ్మే కొన్ని పేస్టుల్లో పసుపు భాస్వరం ఉంటుంది. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, విరుగుడు లేదు. ట్యూబులో ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు టూత్‌పేస్ట్ అనుకునే ప్రమాదం ఉంది. మొదటిరోజు పిల్లలు బాగానే కనిపించి, తర్వాత ఒక్కసారిగా పరిస్థితి విషమించవచ్చు. పొడి రూపంలో వచ్చే జింక్ ఫాస్ఫైడ్‌కూ విరుగుడు లేదు. పిల్లలు పొరపాటున తాకినా, నోట్లో పెట్టుకున్నా, బాగానే ఉన్నారు కదా అని ఆగకండి. వాంతి చేయించకండి. ఆ ప్యాకెట్‌ను వెంట పెట్టుకొని వెంటనే 108లో ఆసుపత్రికి వెళ్లండి. ఉడుత కరిచినా గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు నీటి ధార కింద కడిగి డాక్టరుకు చూపించాలి. పిల్లలున్న ఇంట్లో ఒక ఉడుత కోసం విషం తేవడం అవసరమా అని ఆలోచించండి.

ఇదంతా క్లాసులో చెప్పి, పిల్లలకు చిన్న పని ఇచ్చాను. ఇంట్లో ఇబ్బంది పెట్టేది ఒకటి ఎంచుకొని మూడు గళ్లలో రాయాలి: ఇబ్బంది ఏమిటి, దానికి కారణం ఏమిటి, తగ్గాలంటే ఏం చేయాలి. కోతుల గురించి రాశారు, దోమల గురించి రాశారు. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు మొదటి గడిలో "మా చెల్లె" అని రాశాడు. రెండో గడిలో "నేను స్కూలుకు వస్తే ఒక్కతే ఉంటది" అని, మూడో గడిలో "ఇంటికి పోయినంక కొంచెంసేపు ఆడుకోవాలి" అని రాశాడు.

ఆ కాగితాన్ని నేను దాచుకున్నాను. "మా వాడు కుదురుగా కూర్చోడు మేడం, రెండు తగిలించండి" అని మీటింగులో ఎవరైనా అంటే ఆ మూడు గళ్లు నాకు గుర్తొస్తాయి. కూర్చోకపోవడానికి నిద్ర చాలకపోవడం కారణం కావచ్చు, బోర్డు సరిగా కనిపించకపోవడం కావచ్చు, ఇంగ్లీషులో చెప్పింది అర్థం కాకపోవడం కావచ్చు. రెండో గడి నింపకుండా మూడో గడికి పోవద్దని మీతో పాటు నాకు నేనూ చెప్పుకుంటున్నాను.

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ఏ చెట్టు ఏదో, దాని వేర్లు, కొమ్మలు ఎటు పోతున్నాయో వాళ్లతోనే గీయించండి. ఇబ్బంది ఉంటే మూడు గళ్లూ రాయించి సోమవారం నాకు పంపండి. మంచివి మా నోటీసు బోర్డులో పెడతాం.