వెనక ఇరుసు పద్దు

మావాడు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటానన్నప్పుడు, ముప్పయ్యేళ్లుగా అప్పులిచ్చే ఉద్యోగంలో ఉన్న నేనే వద్దన్నాను. షోళింగనల్లూరులో కొండలెక్కడున్నాయిరా అని ఎగతాళి చేశాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అంతకు ముందే 3, 4 తేదీల్లో మద్రాసును ముంచిపోయింది. మా వీధిలో మోకాలు దాటిన నీళ్లు. ఎనభై దాటిన అమ్మకు ఆయాసం. ఆమెను ఆస్పత్రికి చేర్చింది ఆ బండే.

మరుసటి వేసవిలో చిక్కు బయటపడింది. వెనక డిఫరెన్షియల్ లాక్ బొత్తాం నొక్కితే దీపం మిణుకుమిణుకుమంటుందే గాని నిలవదు. నిలిస్తేనే లాక్ పడినట్టు. ఒక వర్క్‌షాపువాళ్లు లోపలి సామానంతా మార్చాలని అంచనా రాసిచ్చారు. ఆ అంకెకు మా బ్యాంకులోనైతే ఇద్దరు హామీదారులు కావాలి. వానాకాలం మళ్లీ వస్తోంది. అమ్మ ఆయాసం తగ్గలేదు.

పెరుంబాక్కం దారిలో ఒక చిన్న షెడ్డుకు వెళ్లాం. నేను అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే విని "మీరూ మనోళ్లేనా సార్?" అన్నాడు మెకానిక్కు. ఇంట్లో తెలుగేనట, చదవను రాయను రాదట.

అతను చెబుతుంటే నాకు బి.కాం. చదువు గుర్తొచ్చింది. మలుపులో లోపలి చక్రం ఎంత తగ్గితే బయటిది అంత పెరుగుతుంది, మొత్తం మారదు. పద్దు సరిపోతుంది. ఇబ్బందల్లా బలం పంపకంలో. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా ఇస్తుంది. ఒకటి బురదలో ఊరికే తిరుగుతుంటే దానికి కావలసింది కొంచెమే, గట్టినేల మీద ఉన్నదానికీ ఆ కొంచెమే దక్కుతుంది. లాక్ పడితే రెండూ ఒకటై తిరుగుతాయి, పట్టున్న చక్రం బండిని లాగేస్తుంది.

ఫ్యూజు, రిలే బాగున్నాయి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనకభాగాన్ని స్టాండ్ల మీదికెత్తి, ఇరుసు దగ్గర ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులిచ్చాడు. లోపల 'టక్' మంది. టూ వీల్‌లో, న్యూట్రల్‌లో ఎడమ చక్రం తిప్పితే కుడిదీ అటే తిరిగింది. "లోపలిది బాగుండాది సార్, కరెంటే పోయి చేరలేదు."

ప్లగ్గులో పిన్నులు పచ్చగా చిలుమెక్కాయి. ఇరుసు నూనె పాలు కలిపిన టీలా ఉంది. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలిగొట్టం గుండా నీటిని పీలుస్తుందట. తుపాను తర్వాత సర్వీసు చేసినవాళ్లు ఆ నూనె చూడనేలేదు, బిల్లులో మాత్రం చూసినట్టే ఉంది! ఓచరు చూసి సంతకం పెట్టే అలవాటున్న నాకు అది ముందే తట్టాల్సింది.

పిన్నులు, నూనె మార్చి గొట్టాన్ని పైదాకా పొడిగించాడు. ఖర్చు అంచనాలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. వాననీళ్లు నిలిచిన ఖాళీ జాగాలో పరీక్షించాం. దీపం వెంటనే నిలవలేదు, నా గుండె జారింది. రెండడుగులు కదిలాక లోపలి పళ్లు కుదురుకుని నిలిచింది. రోడ్డెక్కగానే లాక్ తీసేయమని మావాడికి రెండుసార్లు చెప్పాడు.

రసీదు తమిళంలో రాసి, తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో రాసి చూపమన్నాడు. రాశాను. ఆ ముక్క చించి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.