ఆనందపురానికి బస్సు

2023 వేసవిలో విశాఖపట్నం నుండి అమెరికా వెళ్ళిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కుమారుని కుటుంబంతో కలిసి ఫ్లోరిడా రాష్ట్రంలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ చూడబోయింది. ఆమె వయస్సు అరవై ఎనిమిదేళ్ళు. ఆషాఢమాసంలో జరిగే సింహాచలం గిరిప్రదక్షిణను, 32 కిలోమీటర్ల ఆ దారిని, ఎన్నో పర్యాయాలు పూర్తిచేసిన పాదాలు ఆమెవి. కుమారుడు రాత్రంతా పటాలు ముందు వేసుకొని కూర్చోవడం చూసి, "తోటలో తిరగడానికి ఇంత ఆర్భాటం ఎందుకురా?" అని నవ్వింది.

తోట అనుకోవడంలో ఆమె దోషం లేదు. నిజానికి అది ఒక నగరమంత ప్రదేశం. సుమారు 40 చదరపు మైళ్ళ విస్తీర్ణంలో నాలుగు వినోదవనాలు, ఇరవైకి పైగా హోటళ్ళు, సరస్సులు, అరణ్యాలు, రహదారులు పరచుకొని ఉన్నాయి. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ నిర్మించినప్పుడు వాల్ట్ డిస్నీ చేతిలో ఉన్న భూమి స్వల్పం. చూస్తుండగానే దాని చుట్టూ ఇతరుల హోటళ్ళు, అంగళ్ళు క్రిక్కిరిసిపోయాయి. ఆ చేదు అనుభవంతో ఆయన ఫ్లోరిడాలో వేల ఎకరాల చిత్తడి నేలను కొనిపించాడు. కొనేవాడెవరో తెలిస్తే ధర ఆకాశాన్ని అంటుతుందని వేరు వేరు సంస్థల పేర్లతో ఆ పని గుట్టుగా సాగింది. 1966లో ఆయన కన్నుమూయగా, అన్న రాయ్ డిస్నీ పూనికతో 1971 అక్టోబరు 1న ఆ విహారకేంద్రం ద్వారాలు తెరుచుకొన్నాయి. తమ్ముని కల నెరవేర్చిన ఆ అన్న అదే సంవత్సరం డిసెంబరులో మరణించాడు. అంత భూమి కొన్నందువల్ల చుట్టుపక్కల అంగళ్ళ బెడద తప్పింది. సందర్శకుల కాళ్ళకు మాత్రం పని పెరిగింది.

ఆ సంగతి వారికి మొదటి రోజే తెలిసివచ్చింది. అన్నింటికంటె పాతదైన మేజిక్ కింగ్‌డమ్‌కు కారులో బయలుదేరారు. అయితే కారు నిలిపే చోటికీ, వనం ముఖద్వారానికీ నడుమ పెద్ద సరస్సు ఉంది. కారు దిగి ట్రాము, ట్రాము దిగి పడవ ఎక్కాలి. లేదా ఒకే పట్టాపై పరుగులెత్తే మోనోరైలు ఎక్కాలి. ఆ సరస్సు ప్రకృతి ఇచ్చినది కాదు, మనుషులు తవ్వినది. తవ్విన మట్టిని ఎత్తుగా పోసి, దాని క్రింద సిబ్బంది రాకపోకలకు సొరంగమార్గాలు ఏర్పరచి, వాటిపై వనాన్ని నిలిపారు. సందర్శకులు నేల అనుకొని నడిచేది నిజానికి రెండవ అంతస్తు! వేషధారులు, పనివారు దారిలో ఎదురుపడి కల చెదరకూడదని ఇంత శ్రమ. సందర్శకుల అలసటను దాచే సొరంగం మాత్రం లేదు.

మధ్యాహ్నానికి ఆమె మోకాళ్ళు వాచాయి. ఎవరికీ చెప్పలేదు. రాత్రి బాణసంచా వేళకు ఒక బల్లపై కూలబడి, "మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్నది. కుమారుడు తల్లి వద్ద ఆగిపోయాడు. కోడలు, ఎనిమిదేళ్ళ మనుమరాలు వెళ్ళి, మొదటి వెలుగులు చూసీచూడకముందే తిరిగివచ్చారు.

హోటలుకు చేరాక కుమారుడు చక్రాల కుర్చీ మాట ఎత్తాడు. ఆమె బదులు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు తరగతిలో నిలబడి పాఠం చెప్పిన మనిషికి, ఒకరు నెడితే కదిలే కుర్చీ ఓటమిగా తోచింది. మర్నాడు గదిలోనే ఉండిపోతానన్నది. "మీరు లేకుండా ఎలా అత్తయ్యగారూ?" అని కోడలు ఎంత బ్రతిమాలినా వినలేదు. సాయంత్రం వరకూ ఉండవలసిన వారు ముగ్గురూ మధ్యాహ్నానికే వచ్చేశారు. బాగుందా అని అడిగితే మనుమరాలు "ఊఁ" అని ఊరుకొన్నది. ఆ ఒక్క అక్షరం ఆమెను నిద్రపోనివ్వలేదు. తెల్లవారగానే, "ఆ కుర్చీ ఏదో తెప్పించరా నాయనా" అన్నది.

ఆ రోజు ఎప్‌కాట్‌కు వారు తీగమార్గంలో వెళ్ళారు. స్కైలైనర్ అనే ఆ మార్గం 2019లో మొదలైంది. పదిమంది పట్టే చిన్న గదులు తీగపై ఎడతెగక సాగిపోతుంటాయి. ఎక్కేవారు కదిలే గదిలోనే అడుగు పెట్టాలి. ఈమె భయం అదే. అయితే చక్రాల కుర్చీలవారి కోసం ఒక గదిని వరుస నుండి ప్రక్కదారికి మళ్ళించారు. అది కదలకుండా నిలిచింది, ఆమె ఎక్కింది, మళ్ళీ వరుసలో కలిసింది. వెనుకవారి ప్రయాణం క్షణమైనా ఆగలేదు. "ఎవరినీ ఆపకుండా నాకోసం ఆపారే!" అని ఆమె ఆశ్చర్యపడింది. ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలు ఉన్నాయి. ఒక్క చుట్టు దాదాపు రెండు కిలోమీటర్లు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, "మనది లేదేమిరా?" అని అడిగింది. లేదు మరి.

నాలుగవ రోజు యానిమల్ కింగ్‌డమ్. అక్కడికి మోనోరైలు లేదు, పడవ లేదు, తీగ లేదు. బస్సు గాని, కారు గాని శరణ్యం. మొదటి రోజు పాఠంతో కారును వదిలి, బస్సు కోసం నిలుచున్నారు. డ్రైవరు దిగి, వాలుబల్ల దించి, అందరికంటె ముందు ఆమెను ఎక్కించి, కుర్చీని పట్టీలతో బిగించాడు. ఎండలో ముప్పై మంది వేచి ఉన్నారు. ఆ రెండు నిమిషాలు ఆమె తల వంచుకొనే ఉన్నది. తలయెత్తి చూసేసరికి ఎవరి ఫోను వారిది, ఎవరి పిల్లల గోల వారిది. ఆమెను గమనిస్తున్నవారు ఒక్కరూ లేరు.

ఆ వనంలో ఆసియా విభాగమంతా కల్పిత రాజ్యం. కొత్త గోడలను ప్రాతవిగా కనిపించేటట్లు కష్టపడి తీర్చిదిద్దారు. ఒకచోట ఆ రాజ్యం పేరు చదివి ఆమె కుర్చీ ఆపించింది.

"ఆనందపూర్! అంటే మన ఆనందపురమే. మన ఊళ్ళో బస్సెక్కితే గంటలో దిగిపోతాం. దీనికోసం సముద్రాలు దాటి రావాలా?" అని పకపక నవ్వింది. అక్కడి పూలసంత గురించి, తెల్లవారుజామున బస్సుల్లోకి ఎక్కే బంతిపూల గంపల గురించి చెప్పసాగింది.

"అక్కడ కూడా పులులుంటాయా నానమ్మా?"

"పులులు లేవమ్మా, పూలే."

సాయంత్రం తిరుగుబస్సు వచ్చింది. ఎప్పటివలెనే క్యూ, ఎప్పటివలెనే ఎండ. డ్రైవరు వాలుబల్ల దించుతుండగానే ఆమె చీర కుచ్చిళ్ళు చక్రాలకు తగలకుండా ఎత్తిపట్టుకొని, కుమారుని వైపు తిరిగి, "పద" అన్నది.