మూడు రీళ్లు, ఒక చేతిగాలం

మాది శబరి ఒడ్డు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అక్కడికి ఎగువన, ఏరు వంపు తిరిగే చోట మా ఊరు. ఏటి ఒడ్డున ఉంటాం కాబట్టి మమ్మల్ని గొమ్ము కోయలంటారు. గాలం వెయ్యడం మాకెవరూ పాఠంలా చెప్పలేదు. తాత పక్కన కూర్చుంటే అదే వచ్చేసింది. తాత గాలమంటే జానెడు చెక్క ముక్క, దానికి చుట్టిన నైలాన్ దారం, చివర సీసపు గుండు, రెండు ముళ్లు. దారాన్ని ఇసుకలో వలయాలుగా పరిచి, గుండును గిరగిరా తిప్పి వదులుతాడు. చేప ముట్టిందో, నీటి తోపుడో చూపుడువేలికి తెలుస్తుంది. సరంజామా అంతా కలిపి వంద రూపాయలు దాటదు.

మాకది చాల్లేదు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలకని ఇంటికొచ్చిన ఫోనులో పాఠాల కన్నా చేపల వీడియోలే ఎక్కువ చూశాం. ఎక్కడెక్కడివాళ్లో పడవ మీద నిలబడి, అరచేతిలో ఇమిడే రీలు మీద బొటనవేలు పెట్టి, ఒక్క విసురుకు అవతలి ఒడ్డు దాకా ఎర వేస్తున్నారు. దాన్ని బెయిట్‌కాస్టర్ అంటారని తెలిసింది. మేము బొటనవేలి రీలు అని పేరు పెట్టుకున్నాం.

2021 ఎండాకాలం తునికాకు కోశాం. యాభై ఆకులకు ఒక కట్ట. తెల్లారకముందే అడవికి పోయి, మధ్యాహ్నం కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పేవాళ్లం. ఇంట్లో ఇవ్వాల్సింది ఇచ్చి, నలుగురం తలా వెయ్యి దాచుకున్నాం. ఆ నాలుగు వేలలో 2,300 పెట్టి ఫోనులో బొటనవేలి రీలు తెప్పించాం. పార్సిల్ మా ఊరి దాకా రాదు, చింతూరు పోయి తెచ్చుకున్నాం. రాజమండ్రి దుకాణంలో మామూలు స్పిన్నింగ్ రీలు 850కి దొరికింది. మిగిలిన డబ్బు కర్రలకు, అల్లిక దారానికి సరిపోయింది. ఆ చలికాలంలో మాలో ఒకడు రాజమండ్రిలో కట్టడం పనికి పోయి, అక్కడ గాలాలు వేసే ఓ పెద్దాయన దగ్గర 1,500కి పాత బొటనవేలి రీలు కొనుక్కొచ్చాడు. గుండ్రటి ఇనప డబ్బాలా ఉంది, బరువు కూడా ఎక్కువే. దాన్ని చూసి నవ్వుకున్నాం.

తాత మాత్రం మూడింటినీ చూసి నవ్వాడు. ‘‘గడియారం కొనుక్కొచ్చి ఏట్లో వేస్తార్రా!’’ అన్నాడు. ఆ తర్వాత చదివితే తెలిసింది, తాత మాట నిజమేనని. అమెరికాలోని కెంటకీలో 1800ల మొదట్లో ఇలాంటి రీళ్లు చేసిన జార్జ్ స్నైడర్ గడియారాల పనివాడే. స్వీడన్‌లో అబు అనే కంపెనీ గడియారాలు, టాక్సీ మీటర్లు చేసే ఫ్యాక్టరీగా మొదలై, తర్వాతే రీళ్లకు వచ్చింది. బొటనవేలి రీలు వలకు చుట్టం కాదు, గడియారానికి చుట్టం. ఈ సంగతి కొనకముందు తెలిసుంటే బాగుండేది.

స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడు స్పూలు కదలదు, దారమే వలయాలు వలయాలుగా జారిపోతుంది. అందుకే చిన్నపిల్లలకు కూడా ఒక పూటలో పట్టుబడుతుంది. బొటనవేలి రీలులో స్పూలు కూడా తిరుగుతుంది. ఎర నీళ్లలో పడి ఆగిపోయినా స్పూలు ఆగదు. పల్లంలో ఎడ్లు నిలబడితే వెనక బండి మీదికొచ్చినట్టే, దారం మీద దారం పడి పిచ్చుకగూడవుతుంది. ఆ క్షణంలో ఆపాల్సింది బొటనవేలే. లోపల అయస్కాంతం బ్రేకు, పక్కన బిగింపు మర ఉంటాయి గానీ అవి వేలికి సాయం మాత్రమే. ఎర కట్టి, మీట నొక్కి వదిలితే అది మెల్లగా దిగాలి. నేల తాకగానే స్పూలు కూడా ఆగాలి. అలా ఆగేదాకా మర బిగించాలి. ఇది తెలియక మొదటి రాత్రి మూడుసార్లు దారం విప్పుకున్నాం. మూడోసారి విప్పుతుండగా పక్కనే తాత గాలానికి వాలుగ తగిలింది. మేము దారం వదల్లేక సాయానికి కూడా లేవలేదు.

ఎర తేలికైతే ఈ రీలు అసలు కదలదు. వానపాము గుచ్చిన ముల్లుతో జెల్లలు పట్టడానికి అది పనికిరాదు. మా ఇళ్లలో రోజూ కూరకొచ్చేది జెల్లలే. చేపపిల్లను గుచ్చి, బరువు కట్టి, మడుగులో వాలుగ కోసం వేసినప్పుడే దాని బలం తెలుస్తుంది. అప్పుడు తిప్పుతుంటే నీళ్లబావి గిలక మీద చేద తోడుతున్నట్టుంటుంది. చెయ్యి తిరిగాక, అనుకున్న బండ పక్కనే ఎర పడుతుంటే ఆ సంతోషం వేరు. దాన్ని ఎందుకు దాచాలి?

మాలో ఒకరు ఊరి బడిలో పాఠాలు చెబుతారు. ఒకరోజు రీళ్లు బడికి తీసుకుపోయి పిల్లల చేత పరీక్ష పెట్టించారు. కొత్త రీలు పెట్టె మీద 7.2:1 అని ఉంది, అంటే పిడి ఒక చుట్టు తిప్పితే స్పూలు ఏడుకు పైగా తిరగాలి. స్పూలు మీద సుద్దతో గీత పెట్టి, పిడిని పది చుట్లు తిప్పి లెక్కపెట్టమన్నారు. 72 రావాలి. 63 వచ్చాయి. పిల్లలు నమ్మక మళ్లీ తిప్పారు, మళ్లీ 63. నిష్పత్తుల పాఠం అంత సులువుగా ఎప్పుడూ అర్థం కాలేదని ఆ టీచరంటారు. తర్వాత దారం చివర స్ప్రింగు త్రాసు కట్టి లాగాం. ఎనిమిది కిలోల లాగుడు తట్టుకుంటుందని పెట్టె మీద రాసి ఉంది. పూర్తిగా బిగించినా మూడు కిలోలకే జారింది. పాత రీలుకు పెట్టె లేదు, దాని మీద ఏ అంకే లేదు. అది ఐదు దాటేదాకా ఆగింది.

కొత్తదాని పెట్టె మీద 18 బేరింగులని పెద్ద అక్షరాలు. బేరింగులు ఎక్కువుంటే రీలు మంచిదని మేమూ అనుకున్నాం. అసలు చూడాల్సింది లోపలి పళ్ల చక్రం దేంతో చేశారన్నది. అది బయటికి కనబడదు కాబట్టే పెట్టె మీద బేరింగుల లెక్క రాస్తారు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. గోదావరి నిండితే శబరికి దారి ఉండదు, వెనక్కి ఎగదన్నుతుంది. బియ్యం, మేకలు, కోళ్లు, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని గుట్టెక్కాం. రీళ్లు వాసాలకు వేలాడుతూ ఉండిపోయాయి. నీళ్లు తీసి దిగొచ్చేసరికి ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు. వాసాలు విరిగి దాని మీద పడ్డాయి. ఇల్లు ఎత్తిపోసుకున్నాక పన్నెండో రోజున రీళ్లు గుర్తొచ్చాయి.

తాత గాలం బురదలో దొరికింది. ఏట్లో జాడించి, ముళ్లు రాతి మీద నూరాడు. అదే రోజు సాయంత్రం కూర తెచ్చాడు.

పాత గుండ్రటి రీలుకు మూడు మరలు, చేత్తోనే తిప్పొచ్చు. విప్పి, కిరసనాయిల్లో ముంచి, పళ్ల బ్రష్షుతో తోమి, కుట్టుమిషన్ నూనె వేశాం. లోపల ఇత్తడి చక్రం, పళ్లు ఒక్కటీ అరగలేదు. పిడి ముట్టుకుంటే తిరిగింది. నవ్వుకున్నందుకు సిగ్గేసింది. స్పిన్నింగ్ రీలులో తీగ వెనక స్ప్రింగు తుప్పుపట్టి విరిగింది. బాల్‌పెన్ను స్ప్రింగు కోసి పెట్టాం. కొంచెం కిర్రుమంటుంది గానీ ఇప్పటికీ పనిచేస్తోంది. కొత్త బొటనవేలి రీలు పక్క మూత తెరవగానే దాని ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. లోపలి చక్రం ఏదో తెల్లటి మెత్తటి లోహం, వరదకు ముందే పళ్లు అరిగి ఉన్నాయి. బేరింగులన్నీ తుప్పు. ఆవగింజంత స్ప్రింగొకటి ఎగిరి ఒండ్రులో పడింది. కంపెనీకి ఫోన్ చేస్తే విడిభాగాలుండవు, కొత్తది కొనుక్కోమన్నారు. కంపెనీ పేరు చెప్పం, అలాంటివి చాలా ఉన్నాయి.

ఇప్పుడు కుర్రాళ్లు ఏది కొనాలని అడుగుతుంటారు. డబ్బులు తక్కువైతే బొటనవేలి రీలు జోలికి పోవద్దంటాం. స్పిన్నింగ్‌లో చౌకది కూడా కొంత కాలం నడుస్తుంది, బెయిట్‌కాస్టర్‌లో చౌకది నడవదు. మోజు తీరకపోతే పాతదైనా సరే, విప్పి ఇత్తడి చూసి కొనమంటాం. విప్పనివ్వని వాడి దగ్గర కొనొద్దంటాం. కొందరు వింటారు. మొన్న ఇద్దరు వినలేదు.

పోలవరం నీళ్లు నిలిస్తే ఈ వంపూ, మడుగూ ఉండవని చెబుతున్నారు. కాలనీకి పోతే అక్కడ ఏ గాలం వెయ్యాలో తాతక్కూడా తెలీదు. ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు.

పాడైన రీలు మీద ఒక్క వస్తువు బాగుంది, మేము విడిగా కొని చుట్టిన అల్లిక దారం. ఒక వర్షం రోజు తాత దాన్ని మొత్తం విప్పించి, నాలుగు చెక్కలకు చుట్టి మాకు తలా ఒకటి ఇచ్చాడు. చక్రం లేని రీలుతో పిల్లలు ఇంకా ఆడుకుంటున్నారు.